మా పెరటి మరచెయ్యి

పొద్దున్నే తోటకూర దగ్గర మాకిద్దరికీ తగువు. "కూర కొయ్యమంటే జల్లెడ కోసుకొచ్చావేంటి?" అన్నారు మావారు. "మిడతలు నన్నడిగి తిన్నాయా?" అన్నాను.

మా వీధిలో ప్రతి పెరట్లోనూ తోటపనికి ఒక మరచెయ్యి, అదే యంత్రపు చెయ్యి, ఉంది. తోటపని చేసే మనిషిని నెల రోజులు చూసి, అచ్చం అలాగే చేస్తుంది. ఇంకొకరు నేర్పితే పాతది మరిచిపోతుంది. అందరి ఇళ్ళల్లో అది మిడతల్ని సబ్బునీళ్ళలో వేస్తుంది. మాది మా అమ్మాయి లిఖితని చూసి నేర్చుకుంది. మిడతను రెండు వేళ్ళతో మెల్లగా పట్టి, గోడ దాకా తీసుకెళ్ళి, కాసేపు ఆగి, అవతలికి వదులుతుంది. మిడత కాళ్ళకున్న రంపపు పళ్ళు చూడటానికి లిఖిత అలా ఆగేది. దానికి తొమ్మిదేళ్ళు. పోయిన శ్రావణంలో జ్వరంతో పోయింది.

మధ్యాహ్నం పక్కింటి మణెమ్మగారు వచ్చారు. "ఏమనుకోకమ్మా, మీరు వదిలినవన్నీ మా బెండ మొక్కల మీదే పడుతున్నాయి. ఒక్క పిందె మిగల్లేదు," అని తల వంచుకున్నారు. ఏడాదిగా ఆవిడ ఆ మాట దాచుకున్నారని నాకు అర్థమైంది.

రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పాను. మావారు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశారు.

"కంపెనీ మనిషిని పిలిచి మార్పించేస్తాలే. నువ్వు చూడక్కర్లేదు."

"పరాయివాళ్ళెవరూ వద్దండీ," అన్నాను. "రేపట్నించి మిడతల్ని నేనే పట్టి సబ్బునీళ్ళలో వేస్తాను. మన పిల్లని అది మర్చిపోవాల్సే వస్తే, నా చేతులు చూసే మర్చిపోవాలి."