పలక మీది తెల్లచుక్క

పూర్ణం భక్షాలు చేసిననాడు పోయిన తన ముక్కుపుడక ఎటు పోయిందన్న అనుమానం నాగేంద్రమ్మను ఏళ్లుగా వదల్లేదు. ఆనాడు వంటింట్లో ఉన్నది ఇద్దరే. తను, తోటికోడలు రంగమ్మ. ఆనాడే రంగమ్మను మొహం మీదే దొంగ అనేసింది. రోజూ దీపం పెట్టి, “స్వామీ, ఆమెను ఉత్తగనే అనుమానిస్తున్ననా?” అని కురుమూర్తి స్వామిని అడిగేది.

ఇద్దరికీ దగ్గు పట్టుకుంది. డాక్టరమ్మ ఎక్స్‌రే రాసింది. ఆత్మకూరు నుంచి వనపర్తికి ఒకే బస్సులో, చెరొక కిటికీ పక్కన కూర్చుని వచ్చారు.

“పుస్తెలు, గాజులు అన్నీ తీయండమ్మా. బంగారం ఏదున్నా ఫోటోల తెల్లగ పడ్తది,” అన్నాడు ఎక్స్‌రే తీసే శ్రవణ్ కుమార్. ఆ సెంటర్లో అతను ఆ పొద్దున్నే చేరాడు.

నాగేంద్రమ్మ పుస్తెలు తీసి కళ్లకద్దుకుని, ఎక్స్‌రే పలక ముందు నిలబడింది.

“బిడ్డా, అందరి లోపలికి చూస్తది గదా ఇది. దీనికేం కాదా?”

“దానికేమైతదమ్మా! ఊపిరి పట్టు.”

బొమ్మ పడగానే అతని నొసలు ముడిపడింది. ఎడమ రొమ్ములో కందిగింజంత తెల్లచుక్క.

“ఏమన్న మింగినవా అమ్మా?”

నాగేంద్రమ్మ నోరు తెరిచింది. “భక్షం! పిండిల పడ్డ పుడకను భక్షంతోని మింగిన!” గబగబా వెళ్లి రంగమ్మ చేతులు పట్టుకుంది. “చెల్లె, నిన్ను దొంగవన్న. పాపం మూటగట్టుకున్న. మాఫ్ చెయ్యవే.”

రంగమ్మ మొహం పాలిపోయింది. “పోనియ్యక్కా. నాకు దగ్గు తగ్గింది. ఎక్స్‌రే ఒద్దు, ఇంటికి పోదాం పా.”

“ఇప్పుడేగా దగ్గినవ్! నిలబడు,” అని నాగేంద్రమ్మే ఆమెను పలక ముందుకు నెట్టింది.

రెండో బొమ్మ చూసి శ్రవణ్ పకపకా నవ్వాడు. “ఈమెకు గూడ అదే చోట చుక్క! ఇద్దరూ మింగిన్రా ఏంది? ఇది పలక రోగమమ్మా. దీంట్ల సిలికాన్‌తో చేసిన సన్న కండ్లుంటయి. ఏండ్లకేండ్లు కిరణాలు పడి పడి కొన్ని దెబ్బతింటయి. చూపు పోయిన కాడ ఎవరిని తీసినా గిట్లనే తెల్లగ పడ్తది. నువ్వడిగింది నిజమే, దీనికి గూడ అయితది.”

“అయితే నా పుడక నా లోపల లేదా?”

“లేదు.”

నాగేంద్రమ్మ నడుముకు చేయి పెట్టి రంగమ్మ వైపు తిరిగింది. “నా మాఫీ నాకు వాపసియ్యి!”

రంగమ్మ కళ్లు నేల మీదున్నాయి. శ్రవణ్ ఆమె బొమ్మను పెద్దది చేశాడు.

“జర ఆగు పెద్దమ్మా. చుక్కయితే పలకదే. మరి కింద ఈ పువ్వోలె, కాడతోని ఉన్నదేంది?”

రంగమ్మ రవికలోంచి చిన్న సంచి తీసి, తాడు విప్పి, ముక్కుపుడకను నాగేంద్రమ్మ అరచేతిలో పెట్టింది.

“ఆ మర్నాడే పూర్ణం రుబ్బిన రోట్ల దొరికిందక్కా. అప్పటికే దొంగంటివి, ఇంకెట్లియ్యాలె? నీ కోపం తగ్గిన్నాడు ఇద్దామని అప్పటిసంది నా వెంటే తిప్పుతున్న. పుడక తీస్కో, మాఫీ మాత్రం వాపసియ్య!”