వానలో మంచం

మన దగ్గర చెట్టు కొట్టడం మానేశాక మంచాలన్నీ సముద్రం అవతలి నుంచే వస్తున్నాయి. తాను చేసిన మంచం ఎండుతున్నా, తడుస్తున్నా వడ్రంగికి అక్కడ తెలుస్తుంది. అది విరిగితే ఆ ఏడు అతనికి అడవిలో చెట్టు ఇవ్వరు.

విజయనగరంలో యశోదమ్మ ఇంటి గోడ మీది తెరపై ఆ ఉదయం జావా వడ్రంగి సుతార్నో ముఖం కనిపించింది. మాట మాత్రం తెలుగులోనే వినిపించింది.

“అమ్మా, మంచం వానలో తడుస్తోంది. ఏమైంది?”

మనిషి పోయిన మంచం ఇంట్లో ఉండకూడదని ఆడపడుచు పైడమ్మ దాన్ని పెరట్లో వేయించింది. యశోదమ్మ కాదనలేదు. ఇప్పుడు ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

“కోడు విరిగింది బాబూ.”

సుతార్నో తల దించుకున్నాడు. “తప్పు నాదేనమ్మా. కర్రలో చేవ సరిగా చూసుకోలేదేమో. కొత్త కోడు చేసి పంపిస్తాను. అంతదాకా అయ్యగారు ఎక్కడ పడుకుంటారు?”

యశోదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఊరుకో వదినా,” పైడమ్మ గొణిగింది. “ఆడు నీకేటి సుట్టమా?”

“విరగలేదు బాబూ,” అంది యశోదమ్మ. “అబద్ధం చెప్పాను. ఆయన దాని మీదే పోయారు. అందుకని బయట పెట్టించాను. నీ పనిలో లోపం లేదు.”

సుతార్నో తలెత్తాడు.

“చివరి రోజుల్లో ఆయనకు ఒళ్లు ఒత్తుకుని పుండ్లు పడలేదు కదమ్మా?”

పరామర్శకు వచ్చిన బంధువుల్లో ఒక్కరూ ఆ మాట అడగలేదు. యశోదమ్మ తలెత్తకుండానే లేదని చెప్పి, వానలోకి నడిచింది.

“పైడీ, మంచం కాళ్ల వైపు పట్టుకో. లోపల వేద్దాం.”