పది సున్నాలు

"కంప్యూటర్ తాళం ఉండేది నీ దగ్గర. అంటే అమ్మింది నువ్వే."

ఆఫీసరు గొంతు పెంచలేదు. అందుకే చీటీలక్కకి ఇంకా భయమేసింది. రక్తపరీక్షల ల్యాబులో వచ్చినవాళ్ళ పేరు, వయసు, జబ్బు, ఫోన్ నెంబరు కంప్యూటర్లో ఎక్కించి చీటీ చేతికివ్వటం ఆమె పని. ఆమె ఎక్కించిన పేర్లన్నీ ఇప్పుడు పరాయి దేశంలో తేలాయి.

"మన జనం వివరాలు బయటి దేశాలకి అమ్మితే జైలని చట్టం వచ్చి మూడు నెలలైంది. తెలియదా?"

"తెలుసండీ. ఆ కాగితం గోడకి అంటించింది నేనే."

"విన్నారా, తెలిసే చేసింది!" అన్నాడు ల్యాబు ఓనరు. "నేను ఆ కంప్యూటర్ జోలికే వెళ్ళను సార్. సొంత చెల్లెలనుకున్నా."

ఆఫీసరు కాగితాల్లో తల దూర్చగానే ఆ అన్నగారే ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ఒప్పేసుకో. నీ పిల్లల్ని నేను చూసుకుంటా. కాదంటే వాళ్ళకి ఎవరూ ఉండరు."

ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"నేను అమ్మలేదండీ. భోజనానికి వెళ్ళేటప్పుడు తాళం ఈయనకే ఇచ్చి వెళ్తాను."

"ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు.

"అమ్మాయ్!" బెంచీ మీంచి ఓ మామ్మ కేకేసింది. "నా షుగర్ కాగితం ఏమైంది? పొద్దుటినుంచీ టీచుక్క కూడా తాగలా!"

"ఇస్తున్నా మామ్మా."

"ఆఁ?"

"ఇస్తున్నా!"

అలవాటు కొద్దీ చీటీలక్క చెయ్యి మామ్మ పేరు టైపు చేసేసింది. మామ్మ పాత వివరాలు తెర మీదికొచ్చాయి. ఆఫీసరు తెర వైపు వంగాడు.

"ఫోన్ నెంబరు దగ్గర ఈ సున్నాలేంటి?"

"ఫోన్ లేనివాళ్ళకి పది సున్నాలు కొడతానండీ. ఆ గడి ఖాళీగా ఉంటే చీటీ రాదు."

ఆఫీసరు తన దగ్గరున్న జాబితా తిరగేశాడు. పరాయి దేశంలో దొరికిన జాబితా అది. మామ్మ పేరు మీద వేలు ఆగింది.

"ఇందులో ఈవిడకి నెంబరుందే! మామ్మా, నీకు ఫోనుందా?"

"ఏం?"

"ఫోను! ఫోనుందా?"

"ఉంటే ఏం చేసుకోను నాయనా? చెవులుండొద్దూ?"

ఆఫీసరు నవ్వలేదు. "మోగే నెంబరు లేనివాళ్ళ వివరాలు అక్కడ కొనరు. అందుకని అమ్మిన మనిషి సున్నాలు తీసేసి, మోగే నెంబరొకటి పెట్టి పంపాడు."

"ఈవిడే పెట్టుంటుంది సార్," అన్నాడు ఓనరు. లేచి తలుపు వైపు నడిచాడు. "నాకు బయట చిన్న పనుంది, ఇప్పుడే..."

"ఒక్క నిమిషం ఆగండి."

ఆఫీసరు తన ఫోన్ తీసి, జాబితాలో మామ్మ పేరు పక్కనున్న అంకెలు చూసుకుంటూ ఒక్కొక్కటీ నొక్కాడు.

"బాబూ," అంది మామ్మ, గుమ్మంలో నిలబడిపోయిన ఓనర్ని చూసి. "నాకే వినబడుతుంటే నీకు వినబడట్లేదా? నీ జేబులో ఫోన్ మోగుతోంది!"