నాన్నగారి ఫ్రెంచి సిరాబుడ్డి

పాత వస్తువుల కొట్టాయన సిరాబుడ్డిని చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు.

అక్క, తమ్ముడు, తమ్ముడి భార్య ఊపిరి బిగబట్టారు.

నాన్నగారు పోయాక పంచుకోవడానికి మిగిలినవి రెండే. ఈ ఇల్లూ, ఆయన బల్లమీది సామానూ. సిరాబుడ్డి, కలాల పళ్ళెం, అద్దుడు కాగితం బిగించే పిడి, ఉత్తరాలు చించే కత్తి. అన్నిటి మీదా నీలం ఎనామెల్, సన్నటి బంగారు గీతలు.

"పాతకాలపు ఫ్రెంచి పనితనం. ఇల్లు అమ్మినా వీటి ఖరీదు రాదు" అనేవారు నాన్నగారు, ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఒకరికి ఇల్లు, ఒకరికి సామాను. ఏది ఎవరికన్న దాని మీద అక్కాతమ్ముళ్ళకు మాటల్లేకుండా పోయాయి. చివరికి తెలిసినవాళ్ళకి చూపిద్దామని అక్కే ఈయన్ని వెంటబెట్టుకొచ్చింది.

"అసలు ఎనామెలంటే గాజేనండీ" అన్నాడు కొట్టాయన. "గాజుపొడిని లోహం మీద కరిగిస్తారు. చెంపకి చల్లగా తగలాలి. ఇది తగలట్లేదు."

తమ్ముడు సిరాబుడ్డి లాక్కుని తన చెంపకు ఆనించుకున్నాడు. "నాకు చల్లగానే ఉందే."

"ఫ్యాను కింద కూర్చుంటే అన్నీ చల్లగానే ఉంటాయి" అంది భార్య.

కొట్టాయన పళ్ళెం తిరగేసి భూతద్దం అందించాడు. "ఇంత పలచటి రేకైతే వెనకవైపు కూడా ఎనామెల్ పూస్తారు. లేకపోతే కొలిమిలో పగులుతుంది. దీని వెనక వట్టి రేకు. ముందున్నది కుంచెతో వేసిన రంగు."

తమ్ముడు ఒక కన్ను మూసి, భూతద్దంలోంచి తన బొటనవేలినే కాసేపు పరీక్షించి, "అవునవును" అన్నాడు. "నువ్వూ చూడక్కా."

"నావల్ల కాదురా. నాన్నని అనుమానించినట్టుంటుంది." అక్క చేతిరుమాలు కళ్ళకద్దుకుంది.

మరదలి భయం మరదలిది. "రంగంటున్నారు. పెచ్చులూడితే పిల్లాడు నోట్లో పెట్టుకోడూ? ఆ కత్తి తుప్పు గీసుకుంటే ఆసుపత్రి చుట్టూ ఎవరు తిరుగుతారు? ఇవి నా గడప తొక్కడానికి వీల్లేదు."

పిల్లాడు పుట్టడానికి ఇంకా అయిదు నెలలుంది.

"ఇంతకీ ఏమన్నా వస్తుందా వీటికి?" అన్నాడు తమ్ముడు.

"బొమ్మల కొట్టువాడు జాలిపడితే తీసుకుంటాడు."

తమ్ముడి ముఖం వాడిపోయింది. "అయితే ఇల్లు నీకే కావాలంటావు. అంతేగా అక్కా?"

"ఇల్లేం చేసుకుంటానురా? ఇవి నాన్న చెయ్యి తగిలినవి. చెత్తయినా నాకే ఇచ్చెయ్యి. ఇల్లు నువ్వుంచుకో."

"అక్కంటే నువ్వేనే అక్కా" అన్నాడు తమ్ముడు, గొంతు పూడుకుపోయి. ఆ పూడిక తీరకముందే సంతకాలు కూడా పెట్టించుకున్నాడు. కాగితాలు జేబులోనే ఉన్నాయి.

మరదలు కర్టెన్లకు కొలతలు తీయడానికి మేడెక్కింది. టేపు పట్టుకుని తమ్ముడూ వెనకే వెళ్ళాడు.

అక్క సామానంతా పసిబిడ్డను చుట్టినట్టు తువ్వాలులో చుట్టి, గుండెకు హత్తుకుని వరండాలోకి వచ్చింది. చెప్పుల్లో కాళ్ళు పెడుతున్న కొట్టాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"వీటిని నకిలీవని బొంకమని బతిమాలారు కదమ్మా, తీరా చూస్తే నాకు బొంకే పనే పడలేదు."