గడప అవతలి గీత

"ఎడమ కాలు లేపు అన్నా. ముందు మడమ ఆనాలె. ఒకటి... రెండు..."

కిటికీలో పెట్టిన ఫోనులోంచి సునంద మేడం లెక్కపెడుతోంది. చాంద్‌పాషా రెండడుగులు వేశాడు. మూడో అడుగుకు గడప వచ్చింది. కాళ్లు మేకులు కొట్టినట్టు ఆగిపోయాయి.

"అతుక్కపోయినయ్ మేడం."

"తెలుసు. గుంజకు. జర నిలబడు. గడప దిక్కు చూడకు. దాని అవతల ఒక గీత ఉన్నదనుకో. ఆ గీతను తొక్కు."

ఎంత అనుకున్నా అతనికి గీత కనిపించలేదు. గడపే కనిపించింది.

పక్కనే రషీదా బేగం సద్దిగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. పత్తి ఏరడానికి పోయే వేళ దాటిపోతోంది.

"ఇయ్యాలటికి చాలు జీ. లోపలికి జరగుండ్రి."

తలుపు మూసుకుంది. బయట గొళ్లెం పడ్డ చప్పుడు వినిపించింది.

వణుకుడు మొదలై మూడేళ్లు. పార్కిన్సన్స్ అని పెద్ద డాక్టరు చెప్పాడు. మొన్న ఎండాకాలంలో కేసముద్రం మార్కెట్ రోడ్డు మీద వడ్ల లారీ ముందు బొక్కబోర్లా పడ్డాడు చాంద్‌పాషా. జానెడు దూరంలో ఆగింది చక్రం. ఆనాటి నుంచి రషీదా కూలికి పోతూ గొళ్లెం పెడుతోంది. నలభై ఏళ్లు మిషను తొక్కిన దర్జీ, పొద్దుగూకే దాకా గోడలను చూస్తూ కూర్చుంటున్నాడు.

"ఎవరి చెయ్యి పట్టకుంట గడప పదిసార్లు దాటుండ్రి. ఆనాటి సంది గొళ్లెం పెడితె అడుగుండ్రి" అన్నది ఆమె మాట.

ఈ ఫోను పాఠాలకు ముందు రషీదా తోడుగా వారానికి రెండుసార్లు బస్సులో మహబూబాబాద్ దవాఖానకు పోయి, జగపతి సార్ దగ్గర నడక నేర్చుకునేవాడు. తెలంగాణ కోసం సమ్మె మొదలయ్యాక బస్సులు ఆగిపోయాయి. జగపతే ఫోను చేశాడు.

"పరేషాన్ గాకు చాచా. మా దవాఖాన సునంద మేడం రోజూ పొద్దున ఫోన్ల చెప్తది. ఈ సంగతి నాకన్న ఆమెకే ఎక్కువ ఎరుక."

"మనిషి ఎదురుంగ లేకుంట ఫోన్ల నడక నేర్పుడేంది?" అని గొణిగాడు చాంద్‌పాషా. అక్కడైతే జగపతి నడుం పట్టుకునేవాడు. ఫోనుకు చేతులెక్కడివి?

పైగా మేడం గొంతు మరీ సన్నం. వెనక గాజులు ఒకటే మోగుతుంటాయి.

"మీ మేడంకు గాజులంటె మస్తు షోకున్నట్టుంది," రషీదా నవ్వేది. "లెక్క కన్న అవే ఎక్కువ ఇనబడుతున్నయ్."

ఒకరోజు అతను ఆపుకోలేకపోయాడు.

"జైలు లెక్కున్నది మేడం. ఊరంత జెండాలు పట్టుకొని రోడ్డు మీద తిరుగుతున్నది. నేను తలుపు సందులకెళ్లి చూస్తున్న."

అవతల కాసేపు గాజులే మోగాయి.

"అన్నా, నువ్వు దర్జీవి గద. బట్ట మీద గీసే సుద్దముక్క ఉన్నదా?"

"ఉన్నది."

"మరి అనుకునుడెందుకు? గడప అవతల నిజంగనే గీత గీపియ్యి."

రషీదా గీసింది. మర్నాడు అతని కాలు గడపను మరిచిపోయి గీత మీద పడింది. ఆ తర్వాత రోజు రెండుసార్లు. సమ్మె ముగిసిన వారానికి, ఆమె వాకిట్లో నిలబడి వేళ్లు మడుస్తుండగా, పదిసార్లు. రషీదా పత్తికి పోతూ తలుపు బార్లా తెరిచి వదిలేసింది.

"మేడం, సమ్మె అయిపాయె, బస్సులు నడువబట్టె. మీరింక దవాఖానకు పోతలేరా?"

"నా సమ్మె ఇంక ఒడువలే అన్నా."

"అయితె మీ ఇంటికే వస్త. ఒక్కపారి చూడాలె మిమ్ములను."

"ఎందుకన్నా? ఫోన్ల మంచిగనే అవుతున్నది గద."

అతను వినలేదు. జగపతిని అడిగి ఇంటి గుర్తులు తెలుసుకున్నాడు. సంచిలో సీతాఫలాలు వేసుకుని, రషీదాను వెంటబెట్టుకుని మహబూబాబాద్‌లో దిగాడు. గల్లీ మొదట్లోనే ఆమెను ఆపాడు.

"నువ్వు ఈడ్నే ఉండు. మేడం ముందట ఒక్కణ్ణే నడువాలె."

తన పాదాలే చూసుకుంటూ, పెదవుల మీదే లెక్కపెట్టుకుంటూ మూడో ఇంటి దాకా నడిచాడు.

"మేడం! చాంద్‌పాషాను."

లోపల గాజులు మోగాయి.

"నడిచే వచ్చినవా అన్నా?"

"నడిచే వచ్చిన. ఎవరి చెయ్యి పట్టలే. తలుపు తియ్యుండ్రి, చూద్దురు."

గాజుల చప్పుడు తలుపు వైపు కదిలింది. మధ్యలో ఒకచోట అతుక్కుపోయినట్టు చాలాసేపు ఆగింది. మళ్లీ మెల్లగా కదిలి తలుపు వెనక్కి వచ్చింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"నువ్వే తియ్యాలె అన్నా."

చాంద్‌పాషా పాదాల మీంచి తల ఎత్తాడు.

గొళ్లెం బయట పెట్టి ఉంది.