ఏటిగట్టు గొంతు

సుమంత్ దగ్గి, రుమాలు గబుక్కున మడిచి జేబులో కుక్కుకున్నాడు. దాని మీది ఎర్రటి మరక మీనాకుమారి కంట పడనే పడింది.

"ఏంటి బాబూ అది?"

"ఏం లేదండి. గొంతులో బొడిపెలొచ్చాయన్నారు కాకినాడ డాక్టరు గారు. ఇంకొక్కసారి ఇలా బలవంతంగా పాడితే అసలు గొంతే ఉండదంటన్నారండి."

"మరి పాడటమెందుకు?"

"భలేవారే! ఇవాళ పాడకపోతే ఎలాగండి?"

నిజమే, ఇవాళ మామూలు రోజు కాదు. రాజమండ్రిలో కొత్తగా కట్టిన మ్యూజిక్ హాలుకి సత్యప్రసాద్ గారి పేరు పెడుతున్నారు. సత్యప్రసాద్ అంటే మీనాకుమారి భర్త. పోయి ఎనిమిది నెలలైంది. బతికున్నన్నాళ్లూ మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు నడిపాడు. బట్టలమ్మినందుకు హాళ్లెవరు కడతారు? ముప్పై మూడేళ్ల కిందట ఆయనా, ముగ్గురు స్నేహితులూ కలిసి 'ఏటిగట్టు' అని ఒక రాక్ బ్యాండు పెట్టారు. ఒకే ఒక్క క్యాసెట్ వేశారు. ఆరు పాటలు. ఆ తర్వాత బుద్ధిగా ఎవరి కొట్టు వాళ్లు చూసుకున్నారు.

ఆ ఆరు పాటలే ఇప్పుడు కుర్రాళ్ల పీకల మీదికొచ్చాయి. ఎవరో పుణ్యాత్ముడు వాటిని ఫోన్లలోకి ఎక్కించాడు. ఇక చూసుకోండి! కొవ్వూరులో 'రేవు' అని ఒక బ్యాండు. తునిలో 'ఎర్రమట్టి' అని ఇంకొకటి. రావులపాలెంలో 'లంక'. అందరిదీ ఒకటే వరస. గిటారు తీగలు వదులు చేయడం, పాట నిదానం చేయడం, పాడేవాడు కడుపులోంచి బరువుగా గొంతు తీయడం. ఏటిగట్టు సౌండంటే అదేనట. అది పలక్కపోతే జనం మొహం మీదే చెప్పేస్తారు.

సుమంత్‌ది 'లంక' బ్యాండు. రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేసే వాళ్లబ్బాయి. వాడి అసలు గొంతు తేలికైనది, చక్కనిది. ఇందాక వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే మీనాకుమారి విన్నది. పాట దగ్గరికొచ్చేసరికి ఆ గొంతునే తొక్కిపట్టి చంపుకుంటున్నాడు.

"రోజుకి నాలుగు గంటలు సాధన చేస్తానండి. అయినా ఆ బరువు రావట్లేదు. సారు ఏం చేసేవారండి? మీకు తెలియకుండా ఉంటుందా? చెప్పండమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను."

అన్నంత పనీ చేశాడు. మీనాకుమారి కాళ్లు వెనక్కి లాక్కుంది.

"నన్నేం అడుగుతావు బాబూ" అంది.

జాలి కలగాల్సిన చోటు అది. కలగలేదు. ఆయన పోయినప్పటి నుంచీ ఆవిడకు ఏదీ అంటడం లేదు. ఏడుపు రాదు, నవ్వు రాదు. కాలు తిమ్మిరెక్కినట్టు మనసు తిమ్మిరెక్కి ఉంది. పొద్దున్న కారెక్కమంటే ఎక్కింది. దిగమంటే దిగింది. భుజాల మీద శాలువా కప్పితే కప్పించుకుంది.

ఆవిడకు తెలుసు. ఒక్క మాట చెబితే ఈ పిల్లాడి గొంతు నిలబడుతుంది. అదే మాటకు ఆయన పేరు నవ్వులపాలవుతుంది. అందుకే నోరు మూసుకుంది.

అభిమాన సంఘం సెక్రటరీ పెద్దిరాజు వచ్చి ఆవిడను స్టేజీ మీదికి తీసుకెళ్లాడు. హాలు కిటకిటలాడుతోంది. పెద్దిరాజు మైకు పుచ్చుకున్నాడంటే ఓ పట్టాన వదిలే రకం కాదు.

"ఎంతమంది బతిమాలినా సత్యప్రసాద్ గారు మళ్లీ పాడలేదండి! స్టేజీ ఎక్కలేదండి! అదీ ఆయన వినయం! రికార్డింగ్ రోజున అమ్మగారూ అక్కడే ఉన్నారండోయ్. నలుగురికీ టీలూ, పెసరట్లూ అన్నీ ఆవిడేనట!"

చప్పట్లు. మీనాకుమారి చేతులు జోడించింది.

అప్పట్లో ఆవిడ కొత్త కోడలు. కోడలు వీధి గుమ్మంలో నిలబడితేనే ఇల్లు పీకి పందిరేసే మనిషి మామగారు. రికార్డింగ్‌కని చెప్పకుండా, పుట్టింటికని చెప్పి ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్లాడు సత్యప్రసాద్. తీరా క్యాసెట్ వచ్చాక మామగారే దాన్ని కొట్లో పొద్దస్తమానం మోగించేవాడు. "మావాడి గొంతండీ!" అని చీరల బేరానికొచ్చిన వాళ్లందరికీ వినిపించేవాడు. మీనాకుమారికి మాత్రం అవి ఎవరివో పాటల్లా ఉండేవి. ఇప్పటికీ అంతే.

"అమ్మగారు రెండు మాటలు మాట్లాడతారు. ఆ వెంటనే మన సుమంత్ పాట!"

సుమంత్ అప్పటికే వచ్చి పక్కన నిలబడ్డాడు. వంగి, ఆవిడకు మాత్రమే వినపడేలా అన్నాడు. "దీవించండమ్మా. ఈ ఒక్క పాటకీ నిలబడితే చాలు. తర్వాత పోతే పోయిందండి."

"పోతే పోయిందా?"

"ఆయ్. సారు గొంతుకి దణ్ణం పెట్టుకున్నట్టు అనుకుంటానండి."

అప్పుడు వేసింది ఆవిడకు భయం. ఎనిమిది నెలల తర్వాత మొట్టమొదటిసారి మనసుకి ఏదో అంటింది. వాడు నిజంగానే పాడతాడు. నిజంగానే పోగొట్టుకుంటాడు. ఆ తర్వాత వాడు జన్మంతా మాట్లాడకుండా తిరుగుతుంటే, తను బతికుండి అది చూడాలి.

పెద్దిరాజు అందించిన మైకు తీసుకుంది. సుమంత్ వైపు తిరిగింది.

"నీ గొంతు నువ్వు పాడు చేసుకోకు నాయనా" అంది మైకులోనే.

పెద్దిరాజు మైకు కోసం చెయ్యి చాపినా ఆవిడ ఇవ్వలేదు.

"క్యాసెట్ కాపీలు తీసినప్పుడు అసలు టేపు నిదానంగా తిరగబట్టి మగగొంతులా వినపడుతోంది గానీ, ఆ పాటలు పాడింది నేను."