ముప్ఫై కార్లు, ఒక సైకిలు

అలెగ్జాండ్రియాలో ట్రాము పట్టాల మీద చేపల పెట్టెలు తేలిన వరద ఏడాది అది. నీళ్లు పోయాక వేసిన కొత్త రోడ్డు మీద నిలబడి ఇంజినీరమ్మ నెర్మీన్ అరుస్తోంది.

“ఇది సైకిళ్ల దారి, బయ్యూమీ! పూసిన ఎర్రరంగు కూడా కనబడకుండా కార్లు పెట్టించావు.”

“నేనెక్కడ పెట్టించానమ్మా? వాళ్లే దిగి వెళ్లిపోయారు.”

అది సగమే నిజం. మసీదు వీధిలో కార్లవాళ్లు హ్యాండ్ బ్రేకు వెయ్యరు. గేరు తీసేసి, బయ్యూమీ చేతిలో చిల్లర పెట్టి పోతారు. ఆయన భుజం ఆనించి ఏ కారుని ఎక్కడికి కావాలంటే అక్కడికి నెట్టుకుంటాడు. రంగు ఆరిన మర్నాటి నుంచే వాటిని వరసగా ఆ ఎర్రదారి మీదికి నెడుతున్నాడు. కార్లు నిలిపే ఆ పక్క పోతే ఆయనకి వీధిలో బతుకే లేదు.

“రేపు తొమ్మిదింటికి కమిటీ వస్తుంది. దారి ఖాళీగా ఉండి సైకిలు తిరుగుతుంటే ఉంచుతారు. లేదంటే పీకేసి కార్లకే ఇచ్చేస్తారు. ఒక్క పూట తీయించవయ్యా, నీ మేలు మర్చిపోను.”

“మేలు ఇంటికి పట్టుకెళితే మా ఆవిడ వండిపెడుతుందామ్మా?”

ఆమె ఫైలు చంకలో పెట్టుకుని విసురుగా వెళ్లిపోయింది. పీకేస్తే పీడా పోతుంది అనుకున్నాడు బయ్యూమీ.

అప్పుడే అత్రీస్ వచ్చాడు. బయ్యూమీ చెల్లెలు నజ్లా మొగుడు. బట్టీ నుంచి హోటళ్లకి సైకిలు మీద రొట్టెలు చేరవేస్తాడు. నెత్తి మీద మంచమంత చెక్క తడక, దాని నిండా వేడి రొట్టెలు. ఒక చెయ్యి తడకకి, ఒక చెయ్యి హ్యాండిల్‌కి. కార్ల వరస చూసి కాలు కింద ఆనించాడు.

“ఏం బావా, నా రాచబాట మీద మళ్లీ నీ డొక్కులు పెట్టావా?”

“రాజుగారొచ్చారండోయ్! నెత్తిన కిరీటం చూడండి!”

కాఫీ కొట్టు ముందు కూర్చున్నవాళ్లు నవ్వారు. అత్రీస్ కూడా నవ్వాడు.

“కిరీటం కాదు, నీ చెల్లెలి తిండి ఇది. నవ్వులాట కాదు బావా, మైక్రోబస్సులు చెవి రాసుకుంటూ పోతున్నాయి. చెయ్యి చూపిద్దామంటే మూడో చెయ్యి లేదాయె. ఆ బూడిదరంగు కారొక్కటి జరపరాదూ, దూరిపోతాను.”

“ముప్ఫై కార్లు ఒక పక్క, నీ ఒక్క సైకిలు ఒక పక్క. ఏది ఎక్కువరా?”

“మీ చెల్లెల్ని అడిగి రేపు చెబుతాలే.”

“ఏడిశావు. రొట్టెలు చల్లారిపోతాయి, ముందు పో.”

అత్రీస్ కార్ల పక్క నుంచి రోడ్డు మధ్యకి తొక్కాడు.

బయ్యూమీ ఇటు తిరిగి ఇంకో కారుని రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. వెనక బ్రేకు కీచుమంది. తడక విరిగిన చప్పుడు. రొట్టెలు వీధంతా దొర్లాయి.

ఆ ఊళ్లో రొట్టెని నేల మీద ఉండనివ్వరు. తీసి, ముద్దు పెట్టుకుని, నుదుటికి ఆనించి, కాలు తగలని చోట పెడతారు. చిన్నప్పటి నుంచి చేతికి అలవాటు. పరుగెత్తుకెళ్లిన బయ్యూమీ వంగి మొదట తీసింది రొట్టెనే. ముద్దు పెట్టుకుని బూడిదరంగు కారు మీద పెట్టాడు. రెండోది తీశాడు. మూడోది తీస్తే దాని కింద అత్రీస్ చెయ్యి ఉంది.

“ఏం కాదులే, కాలే విరిగినట్టుంది” అన్నాడు కాఫీ కొట్టువాడు. వ్యానులో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. బయ్యూమీ వెంట వెళ్లాడు.

మర్నాడు ఉదయం ఏడింటికల్లా వీధిలో ఉన్నాడు. ఒక్కొక్క కారుకీ భుజం ఆనించి పక్క సందులోకి నెట్టడం మొదలుపెట్టాడు. కొత్తగా వచ్చినవాటినీ అటే పంపాడు.

“నా కారు ఎండలో పెడతావా? మతిపోయిందా నీకు?” అని మందుల షాపాయన అరిచాడు. చిల్లర ఇవ్వలేదు. బయ్యూమీ అడగలేదు.

చివరి కారు పోయాక చీపురు తెచ్చి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊడ్చాడు. విరిగిన చెక్కలు ఏరి గోడవార పెట్టాడు. భుజం నొప్పి పుట్టాలి. పుట్టలేదు.

తొమ్మిదింటికి వస్తామన్న కమిటీ మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చింది. బయ్యూమీ అప్పటికే మసీదు నుంచి అందరికంటే ముందు బయటికొచ్చి, దారి పక్కన నిలబడి ఉన్నాడు.

నెర్మీన్ కళ్లు పెద్దవయ్యాయి. “నిజంగానే తీయించావా! బతికించావయ్యా!”

బయ్యూమీ తల ఊపాడు.

కమిటీ పెద్దాయన ఎర్రరంగు మధ్యలో నిలబడి గడియారం చూసుకున్నాడు. “ఖాళీగా బాగానే ఉంది. మరి సైకిలేదమ్మా? అసలీ దారి ఎవడిక్కావాలి?”

“రొట్టెలతను ఉన్నాడు సార్. రోజూ ఇంచుమించు ఈ వేళకే ఇటు వస్తాడు.” ఆమె బయ్యూమీ వైపు తిరిగింది. “చెప్పవేం? ఇవాళ వస్తాడా, రాడా?”

“వస్తున్నాడమ్మా” అన్నాడు బయ్యూమీ. తర్వాత పెద్దాయనతో, “మీరు కాస్త పక్కకి జరగండి” అన్నాడు.

మసీదు మూల తిరిగి, నలుగురి భుజాల మీద, అత్రీస్ జనాజా ఆ దారిలోకి వచ్చింది.